నీడ పడితేనే కార్డు

(నరసాపురంలో లేసు పనిచేసే మహిళలకు, కాలేజీ విద్యార్థినులకు కలిపి ఏర్పాటు చేసిన చేత్తో చేసే గ్రీటింగ్ కార్డుల శిక్షణలో మొదటి రోజు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారమండి. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లకు, వెనక కిటికీల దగ్గర నిలబడ్డ పిల్లలకు కూడా. కిటికీ దగ్గర ఉన్నవాళ్లతో నాకు ఇప్పుడే పని పడుతుంది, అక్కడే ఉండండి.

రెండు కార్డులు పంపిస్తున్నాను, ఒకరి చేతి నుంచి ఒకరికి అందించండి. మొదటి దాని మీద ముత్యాలు, రిబ్బను, మెరుపు పొడి, బంగారు రంగు పువ్వు అన్నీ ఉన్నాయి. రెండోది తెల్ల కాగితం మీద తెల్ల కాగితమే. రంగు లేదు, మెరుపు లేదు. ఈ రెండిటినీ ట్యూబులైటు కింద చూస్తే మొదటిదే బాగుందనిపిస్తుంది. కిటికీ దగ్గర ఉన్న అమ్మాయిలూ, రెండోదాన్ని ఎండ వచ్చే వైపు కొంచెం ఏటవాలుగా పట్టుకోండి. ఇప్పుడు చుట్టూ అంచు కనిపిస్తోందా? మధ్యలో కొబ్బరాకు లేచి కనిపిస్తోందా? అందులో గీత గీసింది ఎక్కడా లేదమ్మా. మీకు కనిపిస్తున్నదంతా నీడ.

ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ఇదే. పంచ్‌తో చిల్లు కొట్టడం, ఎంబాసింగ్‌తో కాగితాన్ని పైకి లేపడం, పొరలుగా అతికించడం అని మూడు పనులు నేర్చుకోబోతున్నాం. మూడూ వేరు వేరు పనులని, మూడింటికీ వేరే సామాను కొనాలని అనుకుంటారు. నిజానికి మూడూ నీడను పుట్టించే దారులే. చిల్లులో నీడ లోపలికి పడుతుంది. ఎంబాసింగ్‌లో కాగితం వెంట్రుకవాసి లేచి సన్నని నీడ ఇస్తుంది. పొర మీద పొర పెడితే మందమైన నీడ వస్తుంది. ఎంత నీడ, ఎక్కడ కావాలో తేల్చుకున్నాక ఏ పనిముట్టు పట్టుకోవాలో దానంతట అదే తెలుస్తుంది. అది తేల్చుకోకుండా సామాను కొంటే డబ్బూ పోతుంది, కార్డూ బరువెక్కుతుంది.

గ్రీటింగ్ కార్డు మన పద్ధతి కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. ఇంగ్లండులో 1840లో ఒక పెన్నీకి ఉత్తరం పంపే తపాలా పద్ధతి వచ్చింది. ఆ సంస్కరణలో పనిచేసిన హెన్రీ కోల్ అనే ఆయన 1843లో హార్స్‌లీ అనే చిత్రకారుడితో క్రిస్మస్ కార్డు గీయించి అచ్చు వేయించాడు. అమ్మకానికి వచ్చిన తొలి క్రిస్మస్ కార్డుగా దాన్నే చెబుతారు. అది చదునైన అచ్చు బొమ్మ. మనకు కావలసిన మనిషి ఆయన కాదు, అమెరికాలో ఎస్తర్ హౌలాండ్ అనే ఆవిడ. మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఊళ్లో వాళ్ల నాన్నకు స్టేషనరీ వ్యాపారం ఉండేది. 1840ల చివర్లో ఆవిడ ఇంగ్లండు నుంచి కాగితపు లేసు తెప్పించి ప్రేమికుల రోజు కార్డులు తయారు చేయడం మొదలుపెట్టింది. ఆర్డర్లు పెరిగాక ఇంట్లోనే బల్ల చుట్టూ ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఒకరు కత్తిరిస్తే ఒకరు అతికించేలా పని పంచింది. తెల్ల లేసు కింద రంగు కాగితం ముక్క పెట్టి చిల్లులు కనిపించేలా చేసింది. పొరల మధ్య మడతల కాగితం పెట్టి పైపొరను లేపింది. పొరను ఎత్తుగా అతికించే మెత్తటి ఫోమ్ టేపు లేని రోజుల్లో, ఒట్టి కాగితంతో. ఈ సాయంత్రం మనం చేయబోయేది కూడా అదే పని.

ఇక మన దగ్గర సంక్రాంతి కార్డుల రోజులు ఈ గదిలో సగం మందికి గుర్తుండే ఉంటాయి. డిసెంబరు రాగానే స్టేషనరీ కొట్ల ముందు తాళ్లకు కార్డులు వేలాడేవి. గంగిరెద్దు, గొబ్బెమ్మలు, హరిదాసు బొమ్మలుండేవి. ఫోన్లు వచ్చాక అవి పోయాయి. కానీ శుభలేఖ పోలేదు. వాట్సాప్‌లో పంపినా సరే, ముఖ్యమైన ఇళ్లకు మూలలకు పసుపు రాసిన కార్డు పట్టుకుని మనిషి వెళ్లాల్సిందే. చేత్తో ఇచ్చే కాగితానికి మన ఇళ్లలో ఇంకా మర్యాద ఉంది. నాకు ఈ పని మీద ఇంత నమ్మకం ఉన్నది అందుకే.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చెడిపోయిన కార్డుల్లో చాలావరకు కాగితం దగ్గరే చెడిపోతాయి.

కాగితం మందాన్ని జిఎస్ఎంలో చెబుతారు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. జిరాక్సు కాగితం 70, 80 ఉంటుంది. కార్డు నిలబడాలంటే 250 నుంచి 300 కావాలి. పంచ్ కొట్టడానికి, పొరలకు 120 నుంచి 180 మధ్యది హాయిగా ఉంటుంది. కొట్లో జిఎస్ఎం అడగడానికి మొహమాటపడకండి. ‘మందమైన చార్టు ఇవ్వండి’ అంటే ఒక్కో కొట్లో ఒక్కోటి ఇస్తారు.

మందం కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, కాగితం వాలు. మన రాజమండ్రిలో పేపరు మిల్లు ఉంది కదా. గోదావరి జిల్లాల నుంచి సరుగుడు కలప లారీల్లో అక్కడికి వెళ్లడం చూసే ఉంటారు. ఆ కలపను గుజ్జు చేసి, నీళ్లలో కలిపి, నడిచే జల్లెడ మీద పోస్తారు. జల్లెడ ముందుకు కదులుతూ ఉంటుంది కాబట్టి పీచు ఎక్కువ భాగం ఆ కదిలే వైపే సర్దుకుంటుంది. ఆరిన తరవాత కూడా ఆ వాలు కాగితంలో ఉండిపోతుంది. వాలు వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది. వాలుకు అడ్డంగా మడిస్తే మందమైన కాగితం మడత మీద పగిలి, తెల్లటి పీచు లేస్తుంది. రంగు కాగితమైతే ఆ పగులు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వాలు ఎటుందో తెలుసుకోవడానికి కాగితాన్ని మడవకుండా ఊరికే రెండు వైపులా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగుతుందో ఆ వంపు గీతకు సమాంతరంగా వాలు ఉన్నట్టు. చించి చూసినా తెలుస్తుంది. వాలు వెంబడి చిరుగు తిన్నగా సాగుతుంది, అడ్డంగా అయితే వంకర్లు పోతుంది.

ఏ4 కాగితాల్లో చాలావాటికి వాలు పొడవు వైపే ఉంటుంది. అలాంటి ఏ4ను మధ్యకు మడిస్తే మడత వాలుకు అడ్డం పడుతుంది, అంచు పగులుతుంది. అదే ఏ4ను ముందు అడ్డంగా రెండు ముక్కలు కోసి, ఒక్కో ముక్కను మళ్లీ మధ్యకు మడవండి. ఇప్పుడు మడత వాలు వెంబడి వస్తుంది. 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 ఎత్తు ఉన్న కార్డు తయారవుతుంది. ఒక కాగితానికి రెండు కార్డులు. ఈ శిక్షణలో మనం వాడేది ఈ సైజే. దీనికి ఇంకో లాభం ఉంది, పోస్టు దగ్గర చెబుతాను.

మడిచే ముందు గాడి పెట్టాలి. ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను చాలు. స్కేలు పెట్టి గట్టిగా ఒక గీత లాగితే ఇటు గాడి పడి అటు వైపు చిన్న గట్టు లేస్తుంది. ఆ గట్టు కార్డు లోపలికి వచ్చేలా మడవాలి. గాడి పడింది కదా అని చాలామంది గాడి వైపే మడుస్తారు. అలా మడిస్తే పైపొర ఎక్కువ సాగి చిట్లుతుంది.

ఇక మన వాతావరణం. కాగితం గాలిలో తేమను పీల్చుకుంటుంది. పీల్చుకున్నప్పుడు పీచు పొడవుగా పెద్దగా సాగదు, లావెక్కుతుంది. అందుకే కాగితం వాలుకు అడ్డంగా ఉబ్బుతుంది. అటు గోదావరి, ఇటు సముద్రం, చుట్టూ కాలవలు, చేపల చెరువులు. తుఫాను పట్టిన వారంలో చార్టు పేపరు ముట్టుకుంటే మెత్తగా తగులుతుంది. అలాంటి రోజున రెండు కాగితాలను ఒకదాని వాలు నిలువుగా, ఇంకొకదాని వాలు అడ్డంగా పెట్టి అతికిస్తే ఎండ వచ్చాక చెరో వైపు కుంచించుకుని కార్డు వంకర తిరుగుతుంది. పొరలన్నిటి వాలూ ఒకే వైపు ఉంచండి. కాగితాల కట్టను ప్లాస్టిక్ కవరులో మూతికట్టి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, బీరువాలో చదునుగా పడుకోబెట్టండి. గోడకు ఆనించి నిలబెట్టకండి, గోడ చెమ్మ మొత్తం అదే తాగేస్తుంది.

పంచ్‌ల గురించి చెబుతాను. ఇది మీ సొంత పని అమ్మా. నరసాపురం లేసుకు 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ లేసులో బొమ్మను దారం ఎంత చెబుతుందో, వదిలేసిన ఖాళీ కూడా అంతే చెబుతుందని మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. బోర్డర్ పంచ్ కొట్టిన కాగితం పట్టీ కూడా అంతే. కొత్తగా పంచ్ పట్టుకున్నవాళ్లు కింద రాలిన పువ్వును తీసుకుని చిల్లుపడ్డ పట్టీని పారేస్తారు. లేసు అల్లినవాళ్లు మాత్రం ముందు పట్టీనే చేతిలోకి తీసుకుని చూస్తారు.

పంచ్‌ను బోర్లా తిప్పి పట్టుకోండి. అడుగు వైపు నుంచి కాగితం ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది, చిల్లు ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. కాగితం పూర్తిగా లోపలికి తోసి, బల్ల మీద పెట్టి, అరచేత్తో ఒక్కసారి నొక్కాలి. కొంచెం కొంచెంగా నొక్కితే అంచులు నలుగుతాయి. 300 జిఎస్ఎం అట్ట పెట్టకండి, ఇరుక్కుపోతుంది. బిగుసుకున్న పంచ్‌లో మైనపు కాగితం పెట్టి కొడితే జారుడు వస్తుంది. మొద్దుబారితే వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను మూడు నాలుగు మడతలు పెట్టి కొట్టండి, అంచు కొంత తేరుకుంటుంది. ఇక్కడి గాలికి పంచ్ లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పని అయిపోయాక పొడిగుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టండి.

అంచు కొట్టేటప్పుడు ఒక మూల నుంచి మొదలుపెట్టి రెండో మూలకు వెళ్లకండి. చివరికి సగం పువ్వు మిగులుతుంది. పట్టీ మధ్యలో పెన్సిల్‌తో చుక్క పెట్టి, అక్కడ మొదటి చిల్లు కొట్టి, రెండు వైపులకూ నడవండి. అప్పుడు రెండు మూలలూ ఒకేలా తేలతాయి. సగం వచ్చినా రెండు వైపులా సమానంగా సగమే వస్తుంది కాబట్టి కంటికి ఇబ్బందిగా ఉండదు.

ఆ పట్టీని నేరుగా కార్డు మీద అతికిస్తే చిల్లులు మూసుకుపోయినట్టే, తెలుపు మీద తెలుపు కలిసిపోతుంది. దాని వెనక మిల్లీమీటరు సందు ఇవ్వండి చాలు. ఒక్కో చిల్లులో ఒక్కో నెలవంకలా నీడ కూర్చుంటుంది. మొదట మీ చేతులు తిరిగిన తెల్ల కార్డులో ఉన్నది అదే.

రాలిన పువ్వులను కూడా పారేయొద్దు. అయిదు రేకుల పంచ్‌తో తెల్ల పువ్వులు కొట్టి, వాటిని మెత్తటి ఫోమ్ ముక్క మీద పెట్టి, ఒక్కో రేకు మధ్యలో గుండ్రటి మొన ఉన్న పుల్లతో నొక్కి తిప్పండి. రేకు దోసిలిలా లేస్తుంది. కడియం నర్సరీల్లో నందివర్ధనం చూసి ఉంటారు, చాలామంది పెరట్లోనే ఉంటుంది. ఒంటి రేకల నందివర్ధనం రేకులు తిన్నగా ఉండవు, అన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. కాగితం పువ్వులో ఒక్కో రేకుకు ఒక అంచునే కొంచెం పైకి వంచితే ఆ తిరుగుడు వచ్చేస్తుంది. అతికించేటప్పుడు జిగురు నడిబొడ్డున మాత్రమే పెట్టాలి. రేకుల కింద కూడా పెడితే ఇంతసేపు లేపిన రేకులు మళ్లీ పడుకుంటాయి.

ఎంబాసింగ్‌కు రండి. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి పొడి ఎంబాసింగ్, అంటే కాగితాన్నే నొక్కి లేపడం. రెండోది వేడి ఎంబాసింగ్, అంటే పొడి చల్లి కరిగించడం. నాకు మొదటిదంటే ఎక్కువ ఇష్టం. దానికి ఖర్చు లేదు, ఎప్పటికీ ఊడదు.

పాత ఎక్స్‌రే ఫిల్ము ఒకటి తీసుకుని దాని మీద కొబ్బరాకో, మామిడి పిందో, మీ లేసు డిజైన్లలో ఉండే పువ్వో గీసి బ్లేడుతో కోయండి. ఇదే స్టెన్సిల్. దీన్ని కిటికీ అద్దానికి టేపుతో అంటించి, దాని మీద కాగితం పెట్టండి, కార్డు మొహం అద్దం వైపు ఉండాలి. బయటి వెలుతురుకు స్టెన్సిల్ ఆకారం కాగితంలోంచి కనిపిస్తుంది. చాలా మందమైన కాగితమైతే కనిపించదు, అందుకే ఎంబాస్ చేసే ముక్కను పలచటి దాంట్లో చేసి తరవాత కార్డు మీద అతికించుకోవాలి. రాత్రిపూటయితే అద్దం బల్ల కింద ఫోను టార్చి పెట్టుకోవచ్చు. ఇప్పుడు మొన గుండ్రంగా ఉన్న పుల్లతో ఆకారం అంచు వెంబడి నొక్కుకుంటూ వెళ్లండి. మధ్యలో రుద్దక్కర్లేదు. అంచు పదునుగా లేస్తేనే నీడ వస్తుంది, మధ్య ఊరికే నునుపుగా ఉంటే సరిపోతుంది. మొదట మెల్లగా ఒక చుట్టు, తరవాత గట్టిగా ఇంకో చుట్టు. ఒకేసారి బలం పెడితే కాగితం చిరుగుతుంది. పుల్ల జారకుండా పట్టేస్తుంటే కాగితం వెనక కొవ్వొత్తి ఒకసారి రాయండి.

మనం వెనక నుంచి నొక్కుతున్నాం కాబట్టి బొమ్మ అటు వైపు తిరగబడి వస్తుంది. ఆకుకు ఫరవాలేదు. ‘శుభాకాంక్షలు’ అని అక్షరాలు పెడితే మాత్రం, నొక్కేటప్పుడు మీ కంటికి అవి తిరగబడి కనిపించేలా స్టెన్సిల్ పెట్టుకోవాలి. తెలుగు అక్షరాలకు లోపలి సున్నాలు రాలిపోకుండా చిన్న వంతెనలు వదలాలి. లోపల మూసుకున్న సున్నా ఉన్న ప్రతి అక్షరంలో ఇది జాగ్రత్తగా చూసుకోండి.

ఇంతసేపూ మన తేమను తిట్టాను. ఎంబాసింగ్‌లో మాత్రం అది మనకు చుట్టమే. బాగా ఎండిన కాగితం పీచు పెళుసుగా ఉండి నొక్కితే తెగుతుంది. కొద్దిగా చెమ్మ ఉన్నది సాగి లేస్తుంది. నడివేసవిలో ఎంబాసింగ్ చేసేవాళ్లు కాగితం మీద సన్నటి తుంపర కొట్టుకుంటారు. వానాకాలంలో మనకు ఆ పని కూడా లేదు. కాబట్టి ముసురు పట్టిన రోజుల్లో ఎంబాసింగ్ పెట్టుకోండి, పొడి రోజుల్లో అతికింపులు పెట్టుకోండి. నేను పని సర్దుకునేది ఇలాగే.

వేడి ఎంబాసింగ్‌కు ఎంబాసింగ్ పౌడరు, త్వరగా ఆరని ఇంకు ప్యాడు, వేడి గాలి కొట్టే హీట్ గన్ కావాలి. మామూలు స్టాంపు ప్యాడు ఇంకు క్షణాల్లో కాగితంలోకి ఇంకిపోతుంది, పౌడరు పట్టదు. ముద్ర వేసి, పౌడరు చల్లి, మిగిలింది వేరే కాగితం మీదికి దులిపి తిరిగి డబ్బాలో పోసుకుని, వేడి పెట్టాలి. పౌడరు కరిగి నిగనిగలాడగానే ఆపేయాలి. ఇంకా పెడితే కాగితంలోకి ఇంకి నూనె మరకలా అవుతుంది, ఎత్తు పోతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు పనికిరాదు. దాని గాలికి పౌడరు ఎగిరిపోతుంది, వేడీ చాలదు. హీట్ గన్ లేకపోతే వేడెక్కిన ఇస్త్రీ పెట్టెకు కాస్త ఎడంగా, కాగితాన్ని పటకారుతో పట్టుకుని వెనక వైపు వేడి చూపించవచ్చు. ఈ పని పెద్దవాళ్లు మాత్రమే చేయాలి. తేమ రోజున పౌడరు అక్కర్లేని చోటా అంటుకుంటుంది. అందుకని ముద్ర వేయకముందే కాగితాన్ని కొంచెం వేడి చేసి, పలచని గుడ్డలో టాల్కం పౌడరు మూటకట్టి దాంతో ఒకసారి అద్దితే అలా అంటదు.

ఇక పొరలు. పొరలు అనగానే ఎన్ని పెట్టాలి అని అడుగుతారు. ఆత్రేయపురం పూతరేకును చూడండి, దాని సుఖమంతా రేకుల మధ్య మిగిలిన గాలిలో ఉంది, గట్టిగా నొక్కేస్తే అది ఒట్టి ముద్ద. కార్డులో కూడా పొరల లెక్క కంటే వాటి మధ్య వదిలిన సందే ముఖ్యం.

మన రేవునే కార్డుగా చేద్దాం. మనుషులను, బళ్లను సఖినేటిపల్లి వైపు దాటించే పెద్ద పడవ పంటు, అవతలి గట్టు, కొబ్బరి తలలు. కార్డు మొహం 105, 148 కదా. దాని మీద అన్ని వైపులా అయిదు మిల్లీమీటర్లు వదిలి 95, 138 ముక్క వస్తుంది. దీన్ని లేత బూడిద రంగులో కోసి కార్డుకు చదునుగా అతికించండి, ఇది ఆకాశం. అవతలి గట్టు కొబ్బరిచెట్లను ఆకాశం కంటే రవ్వంత ముదురు కాగితంలో కోసి, ఇదీ చదునుగానే అతికించాలి. దూరంగా ఉన్నదానికి నీడ ఉండకూడదు. నీడ పడితే దగ్గరికి వచ్చేస్తుంది. నీటికి వేరే పొర కోసి, పై అంచును స్కేలు పెట్టకుండా చేత్తో కోయండి. మీద రెండు మూడు అలల గీతలు ఎంబాస్ చేసి, కింద ఒక మిల్లీమీటరు ఎత్తు ఇవ్వండి. పంటు దాని మీద ఇంకో మిల్లీమీటరు. చివరగా ఇవతలి గట్టు, ఒక మూల నుంచి వంగిన కొబ్బరాకు, అన్నిటికంటే ముదురు రంగులో, అన్నిటికంటే ఎత్తులో. దూరం పోయే కొద్దీ రంగు లేతబడాలి, ఎత్తు తగ్గాలి. పాపికొండల దాకా పడవలో వెళ్లినవాళ్లకు ఇది కళ్లకు కట్టే ఉంటుంది, వెనక కొండ ఎప్పుడూ ముందు కొండ కంటే లేతగానే ఉంటుంది.

ఈ కార్డులో ఎక్కువ మంది చేసేది పంటు మీద మనుషులను, మోటారు సైకిళ్లను, జెండాను, పక్షులను అన్నిటినీ లేపడం. అన్నీ లేస్తే ఏదీ లేచినట్టు కనిపించదు. పంటు ఒక్కటి లేస్తే చాలు.

ఎత్తు ఇవ్వడానికి ఫోమ్ టేపు అందరూ వాడతారు. చేతికి సులువే, కానీ ఎండాకాలం మన వేడికి దాని జిగురు సాగి పొర కిందికి జారుతుంది. నేను ఎక్కువగా అట్ట ముక్కలనే వాడతాను. 300 జిఎస్ఎం కోతల్లో మిగిలిన సన్నటి పట్టీలను మూడేసి చొప్పున అతికిస్తే దాదాపు మిల్లీమీటరు ఎత్తు వస్తుంది. అది నలగదు, జారదు, డబ్బు కూడా పెట్టక్కర్లేదు. వాటిని అంచు నుంచి మూడు మిల్లీమీటర్లు లోపలికి పెట్టండి, పక్క నుంచి చూస్తే అట్ట కాకుండా నీడే కనిపించాలి. మధ్యలో కూడా ఒక ముక్క ఆసరా ఇవ్వండి, లేకపోతే తేమకు పొర నడుము వంగుతుంది. ఫెవికాల్ పలచటి కాగితాన్ని తడిపి ముడతలు పెడుతుంది. చుక్కలుగా పెట్టి, అతికించాక పుస్తకం కింద ఉంచండి. అయితే ఎంబాస్ చేసిన ముక్కను పుస్తకం కింద పెట్టకూడదు. పెద్ద ముక్కలకు డబుల్ సైడ్ టేపే మేలు.

పోస్టు గురించి చెబుతానన్నాను. మామూలు ఉత్తరంలో మొదటి శ్లాబు, అంటే మొదటి బరువు హద్దు, 20 గ్రాములు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. అంటే 300 జిఎస్ఎం ఏ4 ఒక్కటే 18.75 గ్రాములు. దాన్ని ఒకే పెద్ద కార్డుగా మడిస్తే కవరు వేయకముందే బరువు హద్దు దగ్గరికి వచ్చేసింది. మన సైజు అయితే 9.4 గ్రాములకు తేలుతుంది. కవరుకు, పొరలకు ఇంకా పది గ్రాములు చేతిలో ఉంటాయి. తపాలా ముద్ర పడేటప్పుడు కింద ఏముందో ఆ కుర్రాడికి తెలియదు, కాబట్టి స్టాంపు అంటించే కుడి పై మూల కింద ఎత్తైన పొర రాకుండా కార్డును కవరులో పెట్టండి. మొత్తం ఎత్తు మూడు మిల్లీమీటర్లు దాటితే కవరులో ఇంకో అట్ట పెట్టాలి. దాని బరువూ లెక్కలో వేసుకోవాలి.

ధర సంగతి ఒకటి మాట్లాడి ఆపుతాను. ఇక్కడున్న లేసు పనివాళ్లు దీన్ని నాకంటే బాగా చెప్పగలరు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. రోజులో గంటలకు గంటలు లేసు అల్లుతున్న ఆడవాళ్లను కార్మికులుగా కాకుండా ఇంట్లో తీరిక వేళ ఏదో అల్లుకుంటున్న గృహిణులుగా లెక్కవేశారని, కూలి అంత తక్కువగా ఉండటానికి ఆ లెక్కే దారి చేసిందని ఆవిడ చూపించారు. ఆ సరుకు మాత్రం విదేశాలకు వెళ్లింది.

కార్డుల్లో అది మళ్లీ జరగకూడదని నా పట్టుదల. ‘ఖాళీగా ఉన్నప్పుడు చేశాను, ఎంతో కొంత ఇవ్వండి’ అనే మాట మన నోటి నుంచి రాకూడదు. కాగితం, జిగురు, కవరు ఖర్చు ఒక గీతకు ఇటు రాయండి. పట్టిన సమయం అటు రాయండి. మీ ఊళ్లో ఆడకూలీకి రోజుకు ఎంత ఇస్తున్నారో దాన్ని గంటకు విడగొట్టి, కనీసం ఆ లెక్కన వేయండి. పంచ్ అరుగుదల కూడా వేయండి, అది శాశ్వతం కాదు. అలా వేసిన ధర కొనేవాళ్లకు ఎక్కువనిపిస్తే పొరలు తగ్గించి తేలిక కార్డు చేయండి. ఒక పట్టీ, ఒక నందివర్ధనం ఉన్న కార్డు చాలా తొందరగా అవుతుంది, చూడటానికీ బాగుంటుంది. మీ గంటను మాత్రం తగ్గించకండి.

ఒక పిన్నిగారు చెయ్యెత్తారు. ‘అసలు లేసు ముక్కనే కార్డుకు అతికిస్తే కాగితానికి చిల్లులు కొట్టడం ఎందుకు’ అంటున్నారు. అతికించవచ్చండి, బాగుంటుంది కూడా. రెండు సంగతులు చూసుకోవాలి. నూలు లేసు జిగురును పీల్చి పసుపెక్కుతుంది, అందుకని జిగురు బదులు సూదితో నాలుగు చోట్ల కాగితానికే కుట్టేయండి. రెండోది, లేసు వెనక ముదురు రంగు కాగితం పెట్టండి, తెలుపు మీద అది మాసిపోయినట్టు కనిపిస్తుంది. కానీ ధర మాత్రం మామూలు కార్డు ధర పెట్టకండి. అందులో అల్లిన గంటలు కూడా ఉన్నాయి.

సరేనండి. కోసిన కాగితాలు కుడి వైపు బల్ల మీద ఉన్నాయి, పంచ్‌లు ఎడమ వైపు. ముందు వాలు చూసుకుని గాడి పెట్టి ఖాళీ కార్డు ఒకటి మడవండి. ఎంబాసింగ్ చేసేవాళ్లు కిటికీల దగ్గరికి వెళ్లండి, మూడు కిటికీలే ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లకు ముందు చోటు ఇవ్వండి.